సెన్సర్ కొనేముందు లాగ్‌బుక్ చదవండి

గోదాములో డిస్పాచ్ గుమాస్తాగా చేరిన రోజున నాకిచ్చిన టెక్నాలజీ అంతా ఒక బాల్ పెన్ను, మూడు కాపీలకు సరిపడా కార్బన్ పేపర్లు. ఇప్పుడు అదే రంగంలో, సరుకు పుట్టిన చోటు నుంచి వాడేవాళ్ల చేతికి చేరేదాకా జరిగే వృథానీ, పొగనీ ఎలా తగ్గించుకోవాలో కంపెనీలకు చెప్పే పని చేస్తున్నాను. ఎక్కడికి వెళ్లినా మొదటి మీటింగులో ఎదురయ్యే ప్రశ్న ఒకటే: "మేడం, బ్లాక్‌చెయిన్‌తో మొదలెడదామా, ఏఐతోనా?" జ్వరం చూడకుండా మాత్ర పేరు అడిగినట్టుంటుంది నాకు.

జవాబు చెప్పకుండా ఒక కాగితం ఇచ్చి, ఈ వాక్యంలో ఖాళీలు పూరించమంటాను: "ఈ సమాచారం చేతికొస్తే ఫలానా మనిషి, ఫలానా పూట, ఫలానా పనిని ఇప్పుడు చేస్తున్నట్టు కాకుండా వేరేగా చేస్తారు." మూడు ఖాళీలూ నిండితే కొనండి. నిండకపోతే ఆ డబ్బుతో వచ్చేది గోడ మీద ఒక పెద్ద తెర, ఎవరైనా పెద్దవాళ్లు వచ్చినప్పుడు చూపించడానికి. అలాంటి తెరలు చాలా చూశాను. ఒకటి రెండు నేనే పెట్టించాను కూడా.

ముందు డీజిల్ లెక్క

ఉద్గారాల లెక్కకు ప్రపంచమంతా వాడే చట్రం గ్రీన్‌హౌస్ గ్యాస్ ప్రోటోకాల్. మీ సొంత బాయిలర్లూ, బండ్లూ కాల్చే ఇంధనం స్కోప్ 1. కొన్న కరెంటు స్కోప్ 2. మిగిలిందంతా, అంటే ముడిసరుకు, బయటివాళ్ల రవాణా, అమ్మిన వస్తువు వాడకం, చివరికి అది చెత్తలో పడటం దాకా, స్కోప్ 3. దీనికి 2011లో వచ్చిన ప్రమాణంలో 15 విభాగాలున్నాయి. వస్తువులు తయారుచేసే, అమ్మే కంపెనీల్లో చాలావాటికి బరువంతా ఈ మూడోదాంట్లోనే ఉంటుంది. మన కాంపౌండు గోడ అవతలన్నమాట.

మొదటి ఏడాది అందరూ దగ్గరి దారి పడతారు. ఏ సరుకు మీద ఎంత ఖర్చయిందో అకౌంట్స్ వాళ్ల దగ్గర తీసుకుని, దాన్ని ఆ రంగపు సగటు గుణకంతో, అంటే ఒక్కో రూపాయి ఖర్చుకు ఎంత పొగ అనే అంకెతో, హెచ్చిస్తారు. ఏ మూల మంట ఎక్కువగా ఉందో చూసుకోవడానికి ఇది చాలు. అంతకుమించి నమ్మితే నవ్వులపాలవుతారు. ఈ పద్ధతిలో సప్లయర్ ధర పెంచితే మీ ఉద్గారాలు పెరుగుతాయి, గట్టిగా బేరమాడితే తగ్గుతాయి. కొనుగోళ్ల మేనేజరు ఒకాయన బేరంలో పట్టుదల చూపించి, పర్యావరణం కోటాలో అవార్డు కూడా కొట్టేశాడు.

అందుకే రవాణా విషయంలో మొదటిరోజు నుంచే లీటర్లు అడగండి. ఒక లీటరు డీజిల్ కాలితే దాదాపు 2.68 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఒక లారీ 10 టన్నులు వేసుకుని 300 కిలోమీటర్లు పోయిందనుకుందాం. పోవడానికి 100 లీటర్లు, ఖాళీగా తిరిగి రావడానికి 70. మొత్తం 170 లీటర్లు, 456 కిలోల కార్బన్ డయాక్సైడ్. బరువును దూరంతో హెచ్చిస్తే మోసింది 3,000 టన్ను-కిలోమీటర్లు కనుక ఒక్కోదానికి 152 గ్రాములు. అదే లారీ సగం లోడుతో పోతే డీజిల్ సగం కాదు. 85, 70 కలిపి 155 లీటర్లు అవుతుంది. టన్ను-కిలోమీటరుకు 277 గ్రాములు. ఇంజను మారలేదు, దారి మారలేదు. గ్రాములు మాత్రం దాదాపు రెట్టింపు.

ఖాళీ తిరుగు ప్రయాణాన్ని లెక్కలోంచి జారవిడవడం ఈ రంగంలో అందరికంటే పాత అలవాటు. "అది ట్రాన్స్‌పోర్టరు గొడవ కదా" అంటారు. సరుకు రవాణా ఉద్గారాలకు 2023లో వచ్చిన ఐఎస్ఓ 14083 ప్రమాణం ఈ సాకుకు తలుపు మూసేసింది. ఖాళీగా తిరిగినదీ కలపాల్సిందే, ఇంధనం తయారై పంపు దాకా రావడానికి పట్టిన ఉద్గారాలూ కలపాల్సిందే. కాబట్టి ట్రాన్స్‌పోర్టర్లతో రాసుకునే ఒప్పందంలో ఒక్క వాక్యం చేర్చండి: ప్రతి ట్రిప్పుకూ లీటర్లు, లోడు బరువు, ఖాళీగా నడిచిన దూరం ఇవ్వాలి. కొత్త బండ్లలో టెలిమాటిక్స్ పెట్టె ఈ అంకెలు దానంతట అదే పంపుతుంది. పాత బండ్లకు లాగ్‌బుక్కును ఫోనుతో ఫొటో తీసి పంపినా చాలు.

అంకెలు చేతికొచ్చాక దారులు కూర్చే సాఫ్ట్‌వేర్‌కు అర్థం ఉంటుంది. ఈ విషయంలో పెద్ద ఉదాహరణ అమెరికా పార్శిల్ కంపెనీ యూపీఎస్ వాళ్ల ఓరియన్. రోజువారీ డెలివరీ దారులను లెక్కగట్టి ఏడాదికి సుమారు 10 కోట్ల మైళ్లు ఆదా అవుతున్నాయని ఆ కంపెనీయే ప్రకటించింది. మన స్థాయిలో ఈ సాఫ్ట్‌వేర్ కొన్న మొదటి వారం ఏం జరుగుతుందో నేను చెప్తాను: డ్రైవర్లు ఒప్పుకోరు. నేను మొదటిసారి పెట్టించినప్పుడు ఒక పెద్దాయన ప్రింటవుట్ చూసి, "మేడం, మీ మ్యాపులో ఈ గేటు తెరిచే ఉంది. నాకు తెలిసి పన్నెండేళ్లుగా దానికి తాళం" అన్నాడు. ఆ రోజు నుంచి నా పద్ధతి మారింది. సాఫ్ట్‌వేర్ నడిపేముందు ఇద్దరు సీనియర్ డ్రైవర్లను రెండు రోజులు కూర్చోబెట్టి ఏ గేటు, ఏ వేళ, అన్‌లోడింగ్‌కు నిజంగా ఎంతసేపు అనేవి రాయిస్తాను. లెక్కలో ఆదా అంతా ఆ అన్‌లోడింగ్ నిమిషాల దగ్గరే నిలబడుతుంది, లేదా కూలుతుంది.

ఇంకోటి: లారీ నిండింది అంటే బరువుతో నిండిందా, జాగాతో నిండిందా? తలుపు తీసి చూడండి. చాలాసార్లు అట్టపెట్టెల్లో సగం గాలే ప్రయాణిస్తుంటుంది. పెట్టెలను మూడు కొలతల్లో పేర్చి చూపించే లోడ్ ప్లానింగ్ సాఫ్ట్‌వేర్ పెద్ద ఖరీదేమీ కాదు. దాన్ని ప్యాకేజింగ్ డిజైన్ చేసేవాళ్ల ముందు పెడితేనే పూర్తి ఫలితం. గోదాము వాళ్ల ముందు పెడితే వాళ్లు పేర్చగలరు, పెట్టెను చిన్నది చేయలేరు.

సముద్రం మీద సరుకు పంపేవాళ్లకు ఒక మాట. ఓడ వేగం పెంచితే కావాల్సిన శక్తి సుమారుగా వేగానికి ఘనం లెక్కన పెరుగుతుంది. అయినా ఎన్నో ఓడలు వేగంగా పరుగెత్తి, రేవు బయట లంగరేసి రోజుల తరబడి కూర్చుంటాయి. ఓడలు ఎక్కడున్నాయో, అవే పంపే ఏఐఎస్ అనే రేడియో సంకేతాలతో అందరికీ కనిపిస్తున్న రోజులివి. రేవు ఎప్పుడు ఖాళీ అవుతుందో ముందే చెప్పి ఓడను నెమ్మదిగా రమ్మనడం టెక్నాలజీపరంగా చిన్న విషయం. కష్టమంతా ఒప్పందాల్లో ఉంది. సరుకు యజమానిగా మీరు చేయగలిగింది, "ఫలానా తేదీకే" అనకుండా కొన్ని రోజుల వెసులుబాటు రాసివ్వడం.

అరిచే సెన్సర్లు, వినని మనుషులు

చల్లగా ఉంచాల్సిన సరుకులో నేను చేసిన తప్పు చెప్పాలి. ఒక కోల్డ్ స్టోరేజీలో, దాని బండ్లలో కలిపి నాలుగు వందల ఉష్ణోగ్రత సెన్సర్లు పెట్టించాను. హద్దు దాటితే నైట్ షిఫ్ట్ సూపర్‌వైజర్ ఫోనుకు అలర్టు. మొదటి రాత్రే రెండు వందలు దాటాయి. తలుపు తెరిచిన ప్రతిసారీ మోగేది. నెల తర్వాత వెళ్లి అలర్టులు ఎలా ఉన్నాయని అడిగితే, "ఎక్కడ మేడం, ఆ యాప్ నోరు నొక్కేశాను కదా, లేకపోతే పని చేసుకోనిస్తుందా?" అన్నాడాయన. తప్పు నాదే.

మళ్లీ మొదలుపెట్టాం. ఒక్క రీడింగుకు మోగకుండా, హద్దు దాటి ఇరవై నిమిషాలు అలాగే ఉంటేనే మోగేలా మార్చాం. అలర్టులోనే చేయాల్సిన పని రాశాం: తలుపు చూడు, కంప్రెసర్ చూడు, సరుకు పక్క గదికి మార్చు. ఎవరు చేయగలరో వాళ్లకే పంపాం. రాత్రికి నాలుగైదుకు దిగాయి. నాలుగైదైతే మనిషి వింటాడు.

అసలు లాభం మాత్రం మేం ఊహించని చోట వచ్చింది. పండ్లు, కూరగాయల్లాంటి వాటికి వేడి 10 డిగ్రీలు పెరిగితే శ్వాసక్రియ వేగం రెండు మూడు రెట్లవుతుంది. అంటే దారిలో కాసేపు వేడెక్కిన లోడు బయటికి బాగానే కనిపించినా, దాని ఆయుష్షు లోలోపల తగ్గిపోయింది. అంతకుముందు మేం ముందొచ్చింది ముందు పంపేవాళ్లం. సెన్సర్ చరిత్ర చేతికొచ్చాక ఆయుష్షు తక్కువ మిగిలింది ముందు, అదీ దగ్గరి దుకాణానికి పంపడం మొదలెట్టాం. కొత్త యంత్రం ఏదీ కొనలేదు. పంపే వరుస మారింది, పారబోసే కుప్ప చిన్నదైంది. పారబోసిన సరుకు వెనక దాన్ని పండించిన నీళ్లు, మోసిన డీజిల్, చల్లబరిచిన కరెంటు మొత్తం ఉంటాయి కనుక, వృథా తగ్గించడాన్ని మించిన ఉద్గారాల పథకం ఈ రంగంలో నాకు కనపడలేదు.

ఒక జాగ్రత్త. సెన్సర్ పెట్టగానే డ్రైవర్లకు అది గూఢచారిలా కనిపిస్తుంది. తప్పెవరిదో పట్టుకోవడానికి ఆ రికార్డు మొదటిసారి వాడిన రోజే దాని మీద తడిగుడ్డ పడుతుంది, నిజంగానే. మొదటి ఆరు నెలలు ఎవరి మీదా చర్య ఉండదని రాసిచ్చి, ఆ మాట మీద నిలబడండి.

అంచనా తప్పితే విమానం ఎక్కుతుంది

గిరాకీ అంచనాకూ పర్యావరణానికీ ఏం సంబంధమని అడుగుతారు. అంచనా తక్కువైతే సరుకు అయిపోతుంది, అప్పుడు హడావిడిగా విమానంలో తెప్పిస్తారు. విమానంలో టన్ను-కిలోమీటరుకు ఉద్గారాలు ఓడతో పోలిస్తే పదుల రెట్లు. ఎక్కువైతే సరుకు గోదాములో మురుగుతుంది. పైగా దుకాణం దగ్గర చిన్న కదలిక హోల్‌సేలరు దగ్గర పెద్దదై, ఫ్యాక్టరీకి చేరేసరికి కొరడా దెబ్బలా తగులుతుంది. ఎంఐటీ ప్రొఫెసర్ జే ఫారెస్టర్ దీన్ని 1961లోనే వివరించారు. దీనికి మొదటి మందు ఏఐ కాదు. దుకాణంలో అసలు ఎంత అమ్ముడైందో ఆ అంకెను ఫ్యాక్టరీకి నేరుగా చూపించడం.

ఆ తర్వాత మెషిన్ లెర్నింగ్ పెట్టండి, కాని ఒక పందెం పెట్టి. గత నాలుగు వారాల సగటు ఒకవైపు, కొత్త మోడల్ ఇంకోవైపు. మూడు నెలలు రెండూ పక్కపక్కన నడపండి. సగటును ఓడించలేని మోడల్‌ను ఎంత నాజూకైన గ్రాఫులు చూపించినా వెనక్కి పంపేయండి. అంచనా ఎన్ని శాతం తప్పిందన్నది నేను రెండోసారి చూస్తాను. మొదట చూసేది ఈ నెల ఎన్ని అర్జంటు లోడ్లు పోయాయి, ఎంత సరుకు గడువు దాటింది అనే రెండు అంకెలే.

సప్లయర్లను ఎలా అడగాలి

రెండు వందల ప్రశ్నల ఫారం పంపకండి. ఒక చిన్న తయారీదారు మూడేళ్లు వరసగా మాకు ఒకే జవాబులు పంపాడు, అంకె కూడా మారకుండా. ఫోను చేస్తే, ఇలాంటివి పద్నాలుగు కంపెనీల నుంచి వస్తాయనీ, ఒక్కోరిది ఒక్కో పద్ధతనీ, నింపే కుర్రాడు మానేశాడనీ చెప్పాడు. మూడే అడిగాను: ఏడాది కరెంటు బిల్లులు, ఇంధనం బిల్లులు, తయారైన టన్నులు. వారంలో వచ్చాయి. ఆ మూడింటితో వచ్చిన లెక్క అంతకుముందు మూడేళ్ల ఫారాలకంటే నిజానికి దగ్గరగా ఉంది. ముందు ఖర్చులో పెద్దవాటాగల ఇరవై మందితో మొదలుపెట్టండి. వాళ్లిచ్చిన అంకెలతో వాళ్లకు పనికొచ్చేదేదైనా, ఏ యంత్రం ఎక్కువ కరెంటు తింటోందో చెప్పే చిన్న రిపోర్టైనా సరే, తిరిగివ్వండి.

బిల్లుల్లోంచి అంకెలు తీయడానికి ఇప్పటి భాషా మోడళ్లు బాగా పనికొస్తాయి. వంకర స్కాన్లూ, రకరకాల ఫార్మాట్లూ చదివేస్తాయి. కాని తీసిన ప్రతి అంకె పక్కన అది బిల్లులో ఏ వరసలో ఉందో చూపించమనండి, ఇరవైలో ఒకటి మనిషి చేత సరిచూయించండి. మా దగ్గర పట్టుబడినవాటిలో ఎక్కువ యూనిట్ల తప్పులే: కిలోవాట్-అవర్ బదులు మెగావాట్-అవర్, లీటర్ల బదులు గ్యాలన్లు. వెయ్యిరెట్ల తప్పు కంటికి ఇట్టే కనపడుతుంది. నాలుగురెట్ల తప్పే మర్యాదగా ఆడిట్ దాటిపోతుంది.

ఉపగ్రహం చూసేది, చూడలేనిది

ముడిసరుకు అడవి నరికిన నేల నుంచి వచ్చిందా అన్న ప్రశ్నకు పైనుంచి చూడటమే దారి. యూరప్ వాళ్ల సెంటినెల్-2 ఉపగ్రహాల జంట 10 మీటర్ల స్పష్టతతో, ఐదు రోజులకోసారి అదే నేలను చూస్తుంది. చిత్రాలు ఉచితం. యూరోపియన్ యూనియన్ 2023లో తెచ్చిన అటవీ నిర్మూలన నియమం కాఫీ, కోకో, రబ్బరు, పామాయిల్, సోయా, కలప, పశువుల సరుకులకు పండిన నేల అక్షాంశ రేఖాంశాలను ఆరు దశాంశాల దాకా అడుగుతుంది. పశువులు తప్ప మిగతా సరుకుల్లో, 4 హెక్టార్లు దాటిన కమతానికి ఒక చుక్క సరిపోదు, హద్దులు గీసివ్వాలి. 2020 డిసెంబరు 31 తర్వాత నరికిన నేల సరుకు చెల్లదు.

మీకొచ్చే జాబితాను ఉపగ్రహానికి చూపించేముందు మామూలు మ్యాపు మీద పెట్టండి. అక్షాంశం, రేఖాంశం తారుమారై కొన్ని తోటలు సముద్రంలో తేలతాయి. కొన్నిటికి తోట బదులు వ్యాపారి ఆఫీసు చుక్క ఉంటుంది. ముప్పై మంది రైతులు ఒకే చుక్క మీద నిలబడి ఉంటారు. ఇవి సరిచేశాకే మిగతాది. పైగా చెట్ల నీడన పెంచే తోట పైనుంచి అడవిలాగే కనిపిస్తుంది కనుక, సందేహం వచ్చిన చోటికి మనిషి వెళ్లాల్సిందే.

బ్లాక్‌చెయిన్, అంటే ఒకసారి రాస్తే చెరపడానికి వీల్లేని ఉమ్మడి డిజిటల్ పద్దు పుస్తకం, దాని గురించి నాకు పెద్దగా చెప్పాలని లేదు, కాని అడగకుండా ఉండరు. దీంతో వాల్‌మార్ట్ ఒక ప్యాకెట్ మామిడి ముక్కల మూలాన్ని వెతకడానికి పట్టే సమయాన్ని దాదాపు ఏడు రోజుల నుంచి 2.2 సెకన్లకు తగ్గించి చూపించింది, నిజమే. ఐబీఎం, ఓడల కంపెనీ మెర్స్క్ కలిసి బ్లాక్‌చెయిన్ మీద పెట్టిన సరుకు రవాణా వేదిక ట్రేడ్‌లెన్స్ మాత్రం 2022లో మూత ప్రకటించింది. పరిశ్రమ అంతా కలిసిరాలేదని వాళ్లే చెప్పారు. రాసింది చెరపలేని పుస్తకంలో అబద్ధం రాస్తే అది చెరపలేని అబద్ధం, అంతే. దానికంటే ముందు ఒక కూడిక తీసివేత చేయండి: ఈ సప్లయర్ తోటల విస్తీర్ణానికి మహా అయితే ఎంత పండుతుంది, మనకూ ఇతరులకూ కలిపి ఎంత అమ్మాడు? రెండోది పెద్దదైతే ఎక్కడిదో సరుకు కలుస్తోంది. దీనికి ఎక్సెల్ చాలు.

డిజిటల్ పాస్‌పోర్టు సంగతి వేరు, దాన్ని పక్కన పెట్టే వీల్లేదు. యూరప్‌లో అమ్మే విద్యుత్ వాహనాల బ్యాటరీలకూ, 2 కిలోవాట్-అవర్ దాటిన పారిశ్రామిక బ్యాటరీలకూ 2027 ఫిబ్రవరి 18 నుంచి అది తప్పనిసరి. క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే వస్తువు వివరాలు రావాలి. మిగతా వస్తువులకూ ఒక్కొక్కటిగా తేవడానికి 2024లో చట్టం వచ్చింది. ఇప్పుడే చేయాల్సింది ఏ పోర్టల్ కొనడమూ కాదు. ప్రతి బ్యాచ్‌కూ ఒక నంబరు పెట్టి, అది ముడిసరుకు రసీదు నుంచి డిస్పాచ్ దాకా తెగకుండా నడిచేలా చూడటం. గోదాములో బ్యాచ్‌లు కలిపేసే అలవాటుంటే ఏ పాస్‌పోర్టూ కాపాడదు.

పరికరాల బరువు, ఆదా అయిన లారీ

మనం పెట్టే సరంజామాకూ పొగ ఉంది. 2022లో ప్రపంచంలో 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోగైంది, అందులో లెక్కప్రకారం సేకరించి రీసైకిల్ చేసింది 22.3 శాతమే. ఒక్కసారి వాడి పారేసే ట్రాకర్లు కొనేముందు ఈ అంకె గుర్తుంచుకోండి. గేటు దాటిందా లేదా తెలిస్తే చాలనుకునే చోట బ్యాటరీ అక్కర్లేని పాసివ్ ఆర్‌ఎఫ్‌ఐడీ బిళ్ల సరిపోతుంది. ఉష్ణోగ్రతను నిమిషానికోసారి కాక పావుగంటకోసారి చదివితే బ్యాటరీ ఎన్నో రెట్లు వస్తుంది. అమ్మేవాణ్ణి తప్పక అడగండి: బ్యాటరీ మార్చొచ్చా, వాడేశాక వెనక్కి తీసుకుంటావా?

ఇక అన్నిటికంటే నన్ను కాల్చిన అనుభవం. ఒకచోట దారులు కూర్చి, లోడ్లు నింపి, రోజుకు మూడు లారీలు మిగిల్చాం. రిపోర్టులో టన్ను-కిలోమీటరు గ్రాములు దిగాయి, చప్పట్లు కొట్టారు. ఆర్నెల్ల తర్వాత డీజిల్ బిల్లు చూస్తే మొత్తం లీటర్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఖాళీ అయిన లారీలు కనపడగానే సేల్స్ వాళ్లు కస్టమర్లకు "ఇకనుంచి అదే రోజు డెలివరీ" అని మాటిచ్చేశారు. సగం లోడుతో సాయంత్రం ట్రిప్పులు మొదలయ్యాయి. ఎవరూ తప్పు చేయలేదు. ఆ లారీలను ఏం చేస్తామో నేను ముందే రాయించలేదు.

అప్పట్నుంచి ఒప్పందం మీద సంతకానికి ముందే, మిగిలే బండ్లు అమ్మేస్తారా, అద్దె రద్దు చేస్తారా, ఏ తేదీకి అన్నది సేల్స్ హెడ్ చేత కూడా రాయిస్తున్నాను. నెలవారీ షీటులో గ్రాముల పక్కన మొత్తం లీటర్ల గడి ఒకటి ఉంటుంది. అది నింపేది డీజిల్ బిల్లు కట్టే అకౌంట్స్ అమ్మాయి, మా టీము కాదు.